ఒకే బ్రౌజర్, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: డిస్క్ క్యాచీని వెతికి, కొలిచి, తుడిచే పద్ధతి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల గానీ, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో గానీ ఏ నెట్ సెంటర్‌కు వెళ్లినా అన్నీ ఒకే రకం కంప్యూటర్లు ఉండడం అరుదు. కౌంటర్ దగ్గర విండోస్ 11 ఉంటుంది; దాన్ని మోయలేని పాత సిస్టమ్‌లలో లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేసి ఉంటారు; హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు వాడి వదిలేసిన మ్యాక్‌బుక్ ఒకటి మూలన ఉంటుంది; వచ్చే జనం చేతుల్లో ఆండ్రాయిడ్ ఫోన్లు ఉంటాయి. అన్నింటిలోనూ క్రోమో ఫైర్‌ఫాక్సో ఉంటుంది కాబట్టి, ఒకదానిలో నేర్చుకున్న పని మిగతావాటిలోనూ అలాగే నడుస్తుందని అనుకుంటాం. పేజీలు తెరవడం వరకు అది నిజమే. బ్రౌజర్ డిస్కు మీద దాచుకునే క్యాచీ విషయంలో మాత్రం ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో లెక్క నడుస్తుంది; ఆ తేడా తెలియకుండా చెయ్యి పెట్టినప్పుడు క్యాచీతో పాటు కస్టమర్ పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు కూడా పోయే ప్రమాదం ఉంది.

ముందుగా ఒక సూచన. ఫోల్డర్ల పేర్లను, సెట్టింగుల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. తెర మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి, టైపు చేసేటప్పుడు కూడా ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

ఏది మారదు, ఏది మారుతుంది

ఒక వెబ్‌సైటు తెరిచినప్పుడు అందులోని బొమ్మలు, ఫాంట్లు, స్టైల్ షీట్లు, జావాస్క్రిప్ట్ ఫైళ్లను బ్రౌజర్ డిస్కు మీద దాచుకుంటుంది. మళ్లీ అదే సైటుకు వెళ్లినప్పుడు వాటిని నెట్ నుంచి దింపుకోకుండా అక్కడి నుంచే తీసుకుంటుంది. ఏ ఫైలును ఎంతకాలం ఉంచుకోవాలో ఫైలుతో పాటు సర్వర్ పంపే క్యాచీ-కంట్రోల్ అనే హెడర్, అంటే చిన్న సూచన, చెబుతుంది. గడువు తీరిన ఫైలు విషయంలో బ్రౌజర్ సర్వర్‌ను "ఇది మారిందా?" అని అడుగుతుంది, మారలేదని 304 అనే జవాబు వస్తే పాత ప్రతినే చూపిస్తుంది. 2022లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9111 అనే ప్రమాణంలో ఈ నియమాలన్నీ ఉన్నాయి. విండోస్ అయినా, లినక్స్ అయినా, ఫోన్ అయినా ఈ భాగం మారదు.

మారేవి నాలుగు: క్యాచీ ఫోల్డర్ ఎక్కడ ఉంటుంది, అందులో ఫైళ్లు ఏ రూపంలో ఉంటాయి, బ్రౌజర్ నడుస్తుండగా వాటిని తుడిస్తే ఏమవుతుంది, మనం అడగకుండానే ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను వాటిని తీసేస్తుందా లేదా. వీటిలో మొదటిదే అన్నింటికంటే ముఖ్యం. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ "పోయినా ఫరవాలేదు" అనుకునే సరుకును ఎక్కడ పెట్టాలన్న విషయంలో సొంత ఏర్పాటు ఉంది, బ్రౌజర్లు ఆ ఏర్పాటును చాలావరకు పాటిస్తాయి. ఎక్కడ పూర్తిగా పాటించవో అక్కడే జాగ్రత్త అవసరం.

తుడవడానికి ముందు

"అన్నా, ఫలితాలొచ్చినయంటున్నరు, నాకింకా పాత పేజీనే చూపిస్తున్నది" అని ఎవరైనా విద్యార్థి అంటే వెంటనే క్యాచీ మొత్తం తుడిచెయ్యడం చాలా చోట్ల అలవాటైపోయింది. నిజానికి ఆ ఒక్క పేజీని క్యాచీతో సంబంధం లేకుండా మళ్లీ తెప్పిస్తే సరిపోతుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కాలి. మ్యాక్‌లో క్రోమ్‌కూ ఫైర్‌ఫాక్స్‌కూ కమాండ్, షిఫ్ట్, ఆర్. సఫారీకి మాత్రం కమాండ్, ఆప్షన్, ఆర్. ఇలా చేసినా పాత పేజీయే వస్తే తప్పు మన సిస్టమ్‌ది కాకపోవచ్చు. ఫలితాల రోజున రద్దీ తట్టుకోవడానికి ఆ సైటు వాళ్లే మధ్యలో పెట్టుకున్న సర్వర్ పాత ప్రతిని పంచుతూ ఉండవచ్చు. అప్పుడు మన డిస్కును ఎంత తోమినా లాభం లేదు.

మొత్తం తుడవడమే అవసరమైతే బ్రౌజర్ లోపలి నుంచే తుడవడం మేలు. విండోస్, లినక్స్‌లలో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్. మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, డిలీట్ నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో క్యాచీ చేసిన బొమ్మలు, ఫైళ్లు అన్న గడి ఒక్కదానికే టిక్ ఉంచి, కుకీల గడికీ చరిత్ర గడికీ టిక్ తీసెయ్యాలి. కుకీలు తుడిస్తే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది. పోర్టల్‌లో దరఖాస్తు సగం నింపి ఉన్న మనిషికి ఆ సగం పని పోయినట్టే. అదే పెట్టెలో కాలవ్యవధి ఎంత ఎంచుకుని ఉందో కూడా చూసుకోవాలి. అది గత గంట అని ఉంటే, తుడిచామనుకున్నా నిన్నటి ఫైళ్లు అలాగే ఉంటాయి.

చిరునామా బ్రౌజర్‌నే అడగండి

ఫోల్డర్ చిరునామాలను బట్టీ పట్టడం నాకు నచ్చని పద్ధతి, ఎందుకంటే అదే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కూడా బ్రౌజర్‌ను ఇన్‌స్టాల్ చేసిన తీరును బట్టి చిరునామా మారుతుంది. ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో అన్నింటికంటే నిజాయితీగా ఉంటుంది. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, క్యాచీ అని కొడితే డిస్కు మీద క్యాచీ ఉన్న చోటు, అందులో ఎన్ని ఫైళ్లున్నాయి, ఎంత స్థలం వాడుకుంది, గరిష్ఠంగా ఎంత వాడుకోవచ్చు అన్నీ ఒకే పేజీలో చూపిస్తుంది. అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని కొడితే రూట్ డైరెక్టరీ, లోకల్ డైరెక్టరీ అని రెండు చిరునామాలు కనిపిస్తాయి. మొదటిది మీ పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు ఉండే చోటు. క్యాచీ ఉండేది రెండోదానిలో. పక్కనే ఫోల్డర్‌ను తెరిచే బటన్ కూడా ఉంటుంది.

క్రోమ్‌లో అలాంటి పేజీ లేదు. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, వెర్షన్ అని కొడితే ప్రొఫైల్ పాత్ అనే వరుస కనిపిస్తుంది (ప్రొఫైల్ అంటే ఒక మనిషి పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్). విండోస్‌లో క్యాచీ ఆ చిరునామా లోపలే ఉంటుంది. లినక్స్‌లో అదే చిరునామాలో చుక్క-కాన్ఫిగ్ (ముందు చుక్క గుర్తు ఉన్న కాన్ఫిగ్) అన్న మాట తీసి చుక్క-క్యాచీ అని పెట్టుకోవాలి. మ్యాక్‌లో అప్లికేషన్ సపోర్ట్ అన్న చోట క్యాచెస్ అని పెట్టుకోవాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది: ఎవరైనా క్రోమ్‌ను మొదలుపెట్టే కమాండ్‌కు తగిలించే యూజర్-డేటా-డిర్ అనే స్విచ్‌తో క్రోమ్‌ను వేరే ఫోల్డర్ నుంచి నడుపుతుంటే, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ కూడా క్యాచీ ఆ ఫోల్డర్‌లోకే వెళ్లిపోతుంది.

విండోస్: క్యాచీ పక్కనే పాస్‌వర్డ్‌లు

విండోస్ ప్రతి యూజర్‌కూ యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ ఇస్తుంది. అందులో ముఖ్యంగా రోమింగ్, లోకల్ అనే రెండు భాగాలుంటాయి. ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఒకే లాగిన్‌తో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తమ సెట్టింగులు వెంట వచ్చే ఏర్పాటు ఉంటే, రోమింగ్‌లో ఉన్నది నెట్‌వర్క్ మీద ప్రయాణిస్తుంది. లోకల్‌లో ఉన్నది ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఫైర్‌ఫాక్స్ ఈ విభజనను పద్ధతిగా పాటిస్తుంది: ప్రొఫైల్‌ను రోమింగ్‌లోనూ, క్యాచీ2 అనే ఫోల్డర్‌ను లోకల్‌లోనూ పెడుతుంది. అందువల్ల లోకల్‌లోని మొజిల్లా ఫోల్డర్ కింద ఉన్న క్యాచీ2ను తీసేసినా మీ బుక్‌మార్క్‌లకు ఏమీ కాదు.

క్రోమ్ అలా చెయ్యదు, ఎడ్జ్ కూడా చెయ్యదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు శాతం గుర్తుల మధ్య లోకల్‌యాప్‌డేటా అని కొట్టి ఎంటర్ చేయండి. అక్కడి నుంచి గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్ అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళితే లోపల క్యాచీ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి. అదే వరుసలో బుక్‌మార్క్స్ అనే ఫైలు, హిస్టరీ అనే ఫైలు, లాగిన్ డేటా అనే ఫైలు ఉంటాయి. మూడోదానిలోనే దాచుకున్న పాస్‌వర్డ్‌లుంటాయి. అంటే క్యాచీకీ పాస్‌వర్డ్‌లకూ మధ్య గోడ లేదు, రెండూ ఒకే గదిలో ఉన్నాయి. డిస్కు నిండిపోయిందని డిఫాల్ట్ ఫోల్డర్‌నే ఎత్తేస్తే పోయేది క్యాచీ ఒక్కటే కాదు. క్యాచీ, కోడ్ క్యాచీ అన్న రెండు ఫోల్డర్ల లోపలి సరుకును మాత్రమే ముట్టుకోవాలి. ఒకే క్రోమ్‌లో ఇద్దరు ముగ్గురు ప్రొఫైళ్లు పెట్టుకుని ఉంటే డిఫాల్ట్ పక్కన ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని వేరే ఫోల్డర్లుంటాయి. ప్రతి దానిలోనూ విడిగా క్యాచీ ఉంటుంది.

ఆ క్యాచీ ఫోల్డర్ లోపలి క్యాచీ_డేటా అనే ఫోల్డర్‌లో ఏముందో చూస్తే విండోస్‌కూ మిగతావాటికీ ఉన్న అసలు తేడా కనిపిస్తుంది. ఇండెక్స్ అనే ఫైలు ఒకటి, డేటా_0 నుంచి డేటా_3 వరకు నాలుగు ఫైళ్లు, ఆ తరువాత ఎఫ్ అక్షరంతో మొదలై అంకెలతో సాగే ఫైళ్లు వరుసగా ఉంటాయి. చిన్న చిన్న సరుకునంతా, అంటే 16 కిలోబైట్లకు లోపు ఉన్నదాన్ని, నాలుగు డేటా ఫైళ్లలో గళ్లు గళ్లుగా సర్దుతారు: డేటా_1లో గడి 256 బైట్లు, డేటా_2లో 1 కిలోబైటు, డేటా_3లో 4 కిలోబైట్లు. అంతకంటే పెద్దదైతేనే దానికి ఎఫ్ పేరుతో సొంత ఫైలు వస్తుంది. విండోస్‌లో ఫైలును తెరవడం, మూయడం ఖర్చుతో కూడిన పని. పైగా తెరిచిన ప్రతిసారీ యాంటీవైరస్ చూపు దాని మీద పడుతుంది. వేల చిన్న ఫైళ్లకు బదులు నాలుగైదు పెద్ద ఫైళ్లను తెరిచి ఉంచుకునే ఈ అమరికకు ఆ పరిస్థితి బాగా సరిపోతుంది. చాలా ఏళ్లుగా క్రోమ్ విండోస్‌లో ఈ పద్ధతినే వాడుతూ వచ్చింది.

యాంటీవైరస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వేగం కోసం క్యాచీ ఫోల్డర్‌ను స్కానింగ్ నుంచి మినహాయించమని కొందరు సలహా ఇస్తుంటారు. బయటి నుంచి వచ్చే స్క్రిప్టులు చాలావరకు దిగేది ఆ ఫోల్డర్‌లోకే. పది మంది వచ్చిపోయే నెట్ సెంటర్‌లో ఆ సలహా పాటించకూడదు.

విండోస్‌లోనే ఇంకో భ్రమ ఉంది. డిస్క్ క్లీనప్‌లో టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్ అనే గడి చూసి, దానికి టిక్ పెడితే బ్రౌజర్ క్యాచీ పోతుందని అనుకుంటారు. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలం నాటి ఐనెట్‌క్యాచీ అనే ఫోల్డర్‌కు సంబంధించినది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌ల క్యాచీ దాని లెక్కలోకి రాదు.

లినక్స్: మొత్తం ఎత్తేసినా నష్టం లేని ఫోల్డర్

లినక్స్‌లో ఈ వ్యవహారం శుభ్రంగా ఉంటుంది. ఎక్స్‌డీజీ అనే ఒప్పందం ప్రకారం ప్రతి యూజర్ హోమ్ ఫోల్డర్‌లోనూ చుక్క-కాన్ఫిగ్ అనేది సెట్టింగులకు, చుక్క-క్యాచీ అనేది పోయినా ఫరవాలేని సరుకుకు. క్రోమ్ క్యాచీ చుక్క-క్యాచీలోని గూగుల్-క్రోమ్ కింద ఉంటుంది. ప్రొఫైల్ చుక్క-కాన్ఫిగ్‌లో ఉంటుంది. బ్రౌజర్ మూసి ఉన్నప్పుడు చుక్క-క్యాచీలోని గూగుల్-క్రోమ్ ఫోల్డర్‌ను మొత్తంగా తీసేసినా పాస్‌వర్డ్‌లకు ఏ ముప్పూ లేదు. విండోస్‌లో ఇదే పనిని ఇంత ధైర్యంగా చెయ్యలేము. ఫైల్ మేనేజర్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు కనిపించాలంటే కంట్రోల్, హెచ్ నొక్కాలి.

ఫైర్‌ఫాక్స్‌ను మామూలు ప్యాకేజీగా వేసుకుంటే దాని క్యాచీ చుక్క-క్యాచీలోని మొజిల్లా ఫోల్డర్‌లో దొరుకుతుంది. అయితే ఉబుంటు 22.04లోనూ ఆ తరువాతి వెర్షన్లలోనూ ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ రూపంలో వస్తున్నది. అప్పుడు హోమ్‌లోని స్నాప్, ఫైర్‌ఫాక్స్, కామన్ అనే ఫోల్డర్ల లోపల వేరే చుక్క-క్యాచీ ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాత సూచనలు పట్టుకుని అసలు చుక్క-క్యాచీలో వెతికి, "మొజిల్లా ఫోల్డరే లేదు, క్యాచీ ఖాళీగా ఉంది" అనుకునేవాళ్లకు తగిలే చిక్కు ఇదే. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో రకం ప్యాకేజీగా వేసుకుంటే హోమ్‌లోని చుక్క-వార్, యాప్ కింద ఇంకో చోటు. చిరునామా బ్రౌజర్‌నే అడగమని పైన చెప్పడానికి కారణం ఇది.

ఫైళ్ల రూపం కూడా ఇక్కడ వేరు. లినక్స్‌లో క్రోమ్ ఒక్కో సరుకుకు ఒక్కో ఫైలు అన్న సాదా పద్ధతి వాడుతుంది: పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన పేరు, చివర _0. జాబితా విడిగా ఇండెక్స్-డిర్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. మ్యాక్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఇదే పద్ధతి. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఒకే తీరు: ఎంట్రీస్ అనే ఫోల్డర్‌లో నలభై అక్షరాల పేర్లతో ఫైళ్లు. విండోస్ నుంచి లినక్స్‌కు మారిన మనిషికి ఫైర్‌ఫాక్స్ క్యాచీ కొత్తగా అనిపించదు, క్రోమ్ క్యాచీ అనిపిస్తుంది.

ఇన్ని చిన్న ఫైళ్ల వల్ల స్థలం లెక్కలో తేడా వస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయినా, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అయినా డిస్కు మీద స్థలాన్ని సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా ఇస్తుంది. 5 కిలోబైట్ల ఫైలు 8 ఆక్రమిస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సైజు, సైజ్ ఆన్ డిస్క్ అని రెండు అంకెలు కనిపించేది అందుకే. లినక్స్‌లో డీయూ కమాండ్ చూపేది రెండో అంకె. రెండు సిస్టమ్‌లను పోల్చేటప్పుడు ఒక చోట మొదటి అంకె, ఇంకో చోట రెండో అంకె తీసుకుంటే పోలిక తప్పుతుంది.

కాలేజీ ల్యాబులో విద్యార్థుల హోమ్ ఫోల్డర్లు సర్వర్ మీద ఉండి నెట్‌వర్క్ ద్వారా వస్తుంటే చుక్క-క్యాచీ కూడా సర్వర్ మీదే పడుతుంది. ముప్పై మంది ఒకేసారి బ్రౌజర్ తెరిస్తే ప్రతి చిన్న బొమ్మ కోసం సర్వర్‌కు పరుగు తప్పదు. క్యాచీ పెట్టుకున్న ఉద్దేశమే దెబ్బతింటుంది. ఎక్స్‌డీజీ_క్యాచీ_హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను లాగిన్ సమయంలో ఆ కంప్యూటర్ సొంత డిస్కు మీది ఫోల్డర్‌కు చూపితే క్రోమ్, మామూలు ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని పాటిస్తాయి. ప్రతి విద్యార్థికీ విడి ఫోల్డర్, దానికి అతనొక్కడికే అనుమతి ఉండాలి.

మ్యాక్

మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలోని క్యాచెస్ ఫోల్డర్ లినక్స్‌లోని చుక్క-క్యాచీ లాంటిదే. ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, జీ నొక్కి చిరునామా ఇస్తే నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్కడే పెడతాయి, ప్రొఫైళ్లను అప్లికేషన్ సపోర్ట్‌లో పెడతాయి. టైమ్ మెషీన్ బ్యాకప్ తీసేటప్పుడు ఈ క్యాచెస్ ఫోల్డర్‌ను మామూలుగానే వదిలేస్తుంది. విండోస్‌లో యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే అలవాటున్నవాళ్లు క్రోమ్ క్యాచీని కూడా ప్రతిసారీ మోస్తుంటారు. సఫారీ విషయంలో ఫోల్డర్లు వెతకడం దండగ: సెట్టింగులలో అడ్వాన్స్‌డ్ కింద డెవలపర్ల మెనూ కనిపించేలా చేసుకుని, ఆ మెనూలోని ఎంప్టీ క్యాచెస్ నొక్కితే సరిపోతుంది.

ఫోన్లు

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ తనకే పరిమితమైన స్థలం ఉంటుంది. అందులోని క్యాచీ ఫోల్డర్‌ను మామూలు ఫైల్ మేనేజర్ చూడలేదు. సెట్టింగులలో యాప్స్, క్రోమ్, స్టోరేజ్ అని వెళితే క్లియర్ క్యాచీ, దాని పక్కనే డేటాను లేదా స్టోరేజ్‌ను తుడిచే బటన్ ఉంటాయి. విండోస్‌లో డిఫాల్ట్ ఫోల్డర్‌తో ఉన్న ప్రమాదమే ఇక్కడ ఆ రెండో బటన్‌తో ఉంది: తెరిచి ఉన్న ట్యాబ్‌లు, లాగిన్‌లు, గూగుల్ ఖాతాలోకి చేరని బుక్‌మార్క్‌లు పోతాయి. వినియోగదారుడి ఫోన్ చేతిలోకి తీసుకున్నవాళ్లు ఏ బటన్ నొక్కుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఫోన్‌లో స్థలం తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే యాప్‌ల క్యాచీలను తీసేస్తుంది. విండోస్ క్రోమ్ క్యాచీని అలా ముట్టుకోదు. ఐఫోన్‌లో సఫారీ చరిత్ర, వెబ్‌సైట్ల డేటా తుడిస్తే క్రోమ్ క్యాచీ పోదు. దాన్ని క్రోమ్ లోపలి నుంచే తుడవాలి.

బ్రౌజర్ నడుస్తుండగా తుడిస్తే

విండోస్‌లో క్రోమ్ తెరిచి ఉండగా క్యాచీ ఫోల్డర్‌ను డిలీట్ చెయ్యబోతే ఫైలు వాడుకలో ఉందన్న హెచ్చరిక వస్తుంది, ముఖ్యమైన ఫైళ్లు కదలవు. విసుగు పుట్టించినా ఇది రక్షణే. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అలాంటి అడ్డు లేదు. ఫోల్డర్ నుంచి ఫైలు పేరు వెంటనే మాయమవుతుంది. కానీ ఆ ఫైలును బ్రౌజర్ తెరిచి పట్టుకుని ఉంటే, అది మూసేదాకా డిస్కు మీద స్థలం ఖాళీ కాదు. "అంతా తుడిచాను, డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ స్థలం అంతే చూపుతోంది" అనే సందేహానికి సమాధానం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మూడు చోట్లా ముందు బ్రౌజర్‌ను పూర్తిగా మూయాలి. విండోస్‌లో కిటికీ మూసినా వెనుక క్రోమ్ నడుస్తూ ఉండవచ్చు, టాస్క్ మేనేజర్‌లో చూసుకోవాలి. మ్యాక్‌లో ఎర్ర చుక్క నొక్కితే కిటికీ మాత్రమే మూతపడుతుంది, కమాండ్, క్యూ నొక్కితేనే యాప్ ఆగుతుంది.

ఇంకో చిన్న సంగతి: చేతితో తుడిచిన ఫైళ్లు మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి, ట్రాష్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. విండోస్‌లో, లినక్స్‌లో షిఫ్ట్, డిలీట్ వాడడమో, ఆ తరువాత బిన్ ఖాళీ చెయ్యడమో చేస్తే తప్ప డిస్కులో స్థలం రాదు.

కరెంటు పోయినప్పుడు

ఎండాకాలం మధ్యాహ్నం యూపీఎస్ లేని సిస్టమ్ ఒక్కసారిగా ఆగిపోవడం మన దగ్గర వింత కాదు. అలాంటప్పుడు క్యాచీ ఏమవుతుందన్నది ఫైళ్ల రూపాన్ని బట్టి ఉంటుంది. విండోస్ క్రోమ్‌లో అన్నీ ఒకే ఇండెక్స్, నాలుగు డేటా ఫైళ్ల మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి, సగం రాసిన ఎంట్రీలను తరువాత తెరిచినప్పుడు పక్కన పడేస్తుంది. ఇండెక్స్ చెడిపోయిందని తేలితే మొత్తం క్యాచీని ఓల్డ్_క్యాచీ అని మొదలయ్యే పేరుకు మార్చి, తుడిచేసి, కొత్తగా మొదలుపెడుతుంది. ఆ పేరుతో ఫోల్డర్ ఒకటి మిగిలిపోయి కనిపిస్తే కంగారు అక్కర్లేదు, బ్రౌజర్ మూసి దాన్ని తీసెయ్యవచ్చు. లినక్స్‌లో ఒక్కో సరుకు ఒక్కో ఫైలు కాబట్టి జాబితా పోయినా ఫైళ్లను చూసి మళ్లీ కట్టుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ కూడా తన ఇండెక్స్‌ను అలాగే తిరిగి కట్టుకుంటుంది. కరెంటు వచ్చాక మొదటి పది నిమిషాలు విండోస్ సిస్టమ్‌లలో అన్ని సైట్లూ నెమ్మదిగా తెరుచుకుంటే నెట్ ఇచ్చేవాళ్లను తిట్టుకునే ముందు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పరిమితి పెట్టడం, చోటు మార్చడం

క్రోమ్ డిస్కులో ఉన్న ఖాళీని చూసుకుని క్యాచీ పరిమాణాన్ని తానే నిర్ణయించుకుంటుంది. నిండితే చాలాకాలంగా వాడనివాటిని ముందు తీసేస్తుంది. చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో హద్దు పెట్టాలంటే డిస్క్‌క్యాచీసైజ్ అనే పాలసీ (సిస్టమ్ నిర్వాహకుడు బ్రౌజర్‌కు పెట్టే నియమం) వాడాలి: విండోస్‌లో అది రిజిస్ట్రీలో పాలసీస్ కింద, లినక్స్‌లో ఈటీసీ, ఓపీటీ, క్రోమ్, పాలసీస్, మేనేజ్‌డ్ ఫోల్డర్లలో పెట్టే జేసన్ ఫైలులో ఉంటుంది. దాని విలువ బైట్లలో ఇవ్వాలి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్, కోలన్, కాన్ఫిగ్ పేజీలో ముందు స్మార్ట్_సైజ్ అన్న సెట్టింగును ఫాల్స్ చేసి, తరువాత డిస్క్ కెపాసిటీ మార్చాలి. దాని విలువ కిలోబైట్లలో. 200 మెగాబైట్లు కావాలంటే క్రోమ్‌కు 209715200, ఫైర్‌ఫాక్స్‌కు 204800. ఒకదాని అంకె ఇంకోదానిలో వేస్తే హద్దు లేనట్టే అవుతుంది, లేదా క్యాచీ దాదాపు లేనట్టే అవుతుంది. అయితే నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్లో క్యాచీని మరీ కుదించడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. సీ డ్రైవ్ నిండిపోవడానికి క్యాచీ కంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలే ఎక్కువగా కారణమవుతాయి. ముందు అక్కడ చూడాలి.

చోటు మార్చడానికి క్రోమ్‌లో డిస్క్‌క్యాచీడిర్ పాలసీ, ఫైర్‌ఫాక్స్‌లో పేరెంట్_డైరెక్టరీ సెట్టింగు ఉన్నాయి. డీ డ్రైవ్ మొదట్లోనే గానీ, వేరే ఫైళ్లున్న ఫోల్డర్‌లో గానీ క్యాచీని పెట్టకూడదు. ఆ ఫోల్డర్‌ను బ్రౌజర్ తన సొంతంగా భావించి నిర్వహించుకుంటుంది. ఇందుకోసం ఖాళీ ఫోల్డర్ ఒకటి ప్రత్యేకంగా చెయ్యాలి.

తుడిచినా మిగిలేవి

సర్వీస్ వర్కర్లు అనే స్క్రిప్టులు దాచుకునే క్యాచీ స్టోరేజ్ అనేది వేరే సరుకు. అది లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ కూడా ప్రొఫైల్ లోపలే ఉంటుంది. క్యాచీ గడికి టిక్ పెట్టి తుడిస్తే పోదు. ఒక సైటు ఎంత తుడిచినా పాత రూపంలోనే వస్తుంటే అడ్రస్ బార్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు డేటాను తీసెయ్యాలి. ఆ సైటులో మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది, మిగతావాటికి ఏమీ కాదు.

ఒకే ఫాంటు, ఒకే స్క్రిప్టు పది సైట్లలో వాడినా క్యాచీలో పది ప్రతులు ఉండవచ్చు. ఒక సైటు ఇంకో సైటు క్యాచీని చూసి మన కదలికలను పసిగట్టకుండా 2020లో క్రోమ్ 86, 2021లో ఫైర్‌ఫాక్స్ 85 క్యాచీని సైటు వారీగా విడదీశాయి. సఫారీ అంతకు చాలా ముందే చేసింది. ఇది అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ ఒకటే.

మీసేవలో, నెట్ సెంటర్లలో ఆధార్ కార్డులు, పాస్‌బుక్కుల బొమ్మలు రోజంతా తెరమీదికి వస్తుంటాయి. సైటు తన క్యాచీ-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్ (దాచుకోవద్దు) అని చెప్పకపోతే ఆ బొమ్మలు క్యాచీలో పడతాయి. విండోస్ క్రోమ్‌లోని ఎఫ్ ఫైలు ఒకదాన్ని కాపీ చేసి చివర జేపీజీ అని పేరు మారిస్తే, అది బొమ్మ అయిన పక్షంలో మామూలుగానే తెరుచుకుంటుంది. అందువల్ల ప్రతి కస్టమర్‌కూ క్రోమ్‌లో గెస్ట్ విండో, ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవేట్ విండో తెరవడం మంచిది. ఆ విండోల క్యాచీ మెమరీలోనే ఉండి, మూయగానే పోతుంది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా డిస్కు మీద పడదు. కానీ ఆ విండోలో దింపుకున్న పీడీఎఫ్ మాత్రం డౌన్‌లోడ్స్‌లోనే ఉంటుంది. ప్రింట్ తీసి ఇచ్చాక దాన్ని విడిగా తీసెయ్యాలి, ఆపై రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి.